ఎక్కడిదాకా తియ్యాలి

లోపలి బట్టలు ఎవరి కంటా పడకుండా తువ్వాలు కింద ఆరెయ్యాలన్నది అత్తగారి మొదటి పాఠం. ముప్ఫై ఆరేళ్లకి పెళ్లయిన కొత్తకోడలు దాన్నీ నవ్వుతూనే నేర్చుకుంది. అప్పట్లో ఆమెకి అన్నీ ముద్దొచ్చేవి: ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు, బనియను తిరగేసి తొడుక్కుని ఆఫీసుకి పోయే మొగుడు. పెళ్లికి ముందునుంచీ ఉన్న దురదొక్కటే ఆ సంబరాన్ని గిల్లుతుండేది. తడారని బట్టలు వేసుకుంటే అంతేనమ్మా అని తేల్చేసింది అత్తగారు. ఎండ తగలనివ్వనిదెవరని కోడలు అడగలేదు. మందుల షాపులో సిగ్గుపడి, దురద తనకేనని చెప్పి తామర మందు తెచ్చేవాడు మొగుడు. ఆరు ట్యూబులయ్యాయి. యోని బయటి పెదవి మీది ఎర్రమచ్చ తగ్గకపోగా పాకింది.

చివరికి ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేస్తే, చర్మానికొచ్చే అరుదైన క్యాన్సరని తేలింది. ఇంకా పైపొరలోనే ఉంది, కోసి తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదంది సర్జనమ్మ. కాకపోతే ఇది కంటికి కనిపించేదానికన్నా దూరం పాకుతుందట. అందుకే మచ్చ చుట్టూ ఎనిమిది చోట్ల చిన్నచిన్న ముక్కలు తీసి చూశారు. రోగం ఎక్కడిదాకా ఉందో కాగితం మీద చుక్కలు పెట్టి, సర్జనమ్మ ఆ కాగితాన్ని మొగుడి చేతికిచ్చింది.

ఆమెకి ఒళ్లు మండింది. పన్నెండేళ్లుగా సర్వే ఆఫీసులో హద్దులు గీసే మనిషి తను. తన ఒంటి పటమేమో మొగుడి చేతిలో తలకిందులుగా ఉంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "కొంచెం తక్కువ కోస్తే కుదరదా డాక్టరుగారూ? మాకు పెళ్లై ఏడు నెలలేనండీ."

మాకు! అత్తగారు చుట్టాలందరికీ గర్భసంచి ఆపరేషనని చెప్పింది. ఆడపడుచు ఫోన్ చేసి, అన్నయ్య ఎలా తట్టుకుంటున్నాడో పాపం, అని నిట్టూర్చింది. కూర్చుంటే మంటపుట్టే మనిషి సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

తక్కువ కోస్తే తిరగబెట్టొచ్చు, మీరే ఆలోచించుకుని చెప్పండి, అంది సర్జనమ్మ ఆయన వైపే చూస్తూ.

ఆమె కాగితం లాక్కుని సరిగ్గా తిప్పింది. రోగమున్న చుక్కలన్నీ లోపలికొచ్చేలా, కాస్త ఎడంగా గీత గీసింది. "ఇక్కడిదాకా తీసెయ్యండి."

"మరి నా సంగతో?" అన్నాడాయన చిన్నబుచ్చుకుని.

"మీరు కాసేపు బయట కూర్చోండి. ఆపరేషనయ్యాక నా సుఖం ఏమవుతుందో నేను అడగాలి."