తాళం వేసిన పాట

మా మ్యూజియంలో గాజుపెట్టెలో దాచిన పాట ఈ ఉదయానికి చిక్కిపోయింది. నిన్న పొట్లకాయంత ఉండేది, ఇవాళ దొండకాయంత ఉంది. పల్లవి భేషుగ్గా ఉంది, చరణాలే లేవు. చరణాలంటే కాళ్లే కదా, నడిచి వెళ్లిపోయి ఉంటాయి.

పాట పైడమ్మది, పసుపు దంచేటప్పుడు పాడేది. పాడితే పాడైపోతుందని మేం తెచ్చి భద్రపరిచాం.

పైడమ్మ గోడలోంచి వస్తుంది. గుమ్మం దగ్గర క్యూ ఉందట.

"నా పాట నాకిచ్చీ బాబూ. మనవరాలి పెళ్లికి పసుపు దంచతన్నాం. ఎత్తిన రోకళ్లు ఎత్తినట్టే ఉండిపోనాయి. ముహూర్తం దాటిపోతాది."

కిటికీలోంచి చూస్తాను. వీధి చివర రోకళ్లు గాలిలో నిలబడ్డాయి. వాటిని పట్టుకున్న ఆడవాళ్లు వేలాడుతూనే కబుర్లాడుకుంటున్నారు.

"ఎవరూ ముట్టుకోకూడదు! ఇంకో తాళం వెయ్యండి!" అంటారు మా సూపరింటెండెంటు సోమయాజులుగారు.

ఆజ్ఞ ఆజ్ఞే. బల్ల మీద ఆదితాళం వేస్తాను.

"ఆ తాళం కాదయ్యా!"

"పాటకి ఇంకే తాళం వేస్తారండీ?"

ఆయన ఆలోచనలో పడతారు. పడ్డచోట లోతెక్కువ, మెడదాకా మునిగారు.

ఈలోగా పెట్టెకున్న తాళంలో చెవి మెత్తబడుతుంది. తమ్మె వస్తుంది, తమ్మెకో పోగు వస్తుంది. తాళం చెవి కదా, వింటుంది. విని, విడిపోతుంది.

పాట గెంతి పైడమ్మ నోట్లో పడుతుంది. ఆవిడ పల్లవి పాడి ఆగిపోతుంది.

"ఆపైన మరిసిపోనాను."

"అసలు చరణాలు దొరికేదాకా ఆగాలి," అంటారు సోమయాజులుగారు, ఆలోచనలోంచి తల మాత్రం ఎత్తి.

"మా అత్తా మరిసిపోయేది బాబూ. నోటికొచ్చింది అల్లీసీది. దాన్నే గదా మీరు గాజుపెట్టిలో ఎట్టీసినారు!"

పైడమ్మ మిక్సీ మీద ఓ చరణం కట్టేస్తుంది. కరెంటు పోయిందని మిక్సీ అలిగితే రోలు నవ్వుతుంది అందులో. పాటకు కాళ్లు మొలుస్తాయి, మెట్టెలతో సహా. వీధి చివర రోకళ్లు ధన్‌మని దిగుతాయి. సోమయాజులుగారు మునిగినచోటి నుంచే "హుఁ" కలుపుతారు.

రెండో పోటుకు మ్యూజియమే రోకలిలా లేస్తుంది. పునాదులతో సహా లేచి మబ్బుల్లో ఆగుతుంది. కింద ఊరంతా పసుపుకొమ్ములు పరిచి తలెత్తి చూస్తోంది.

"కానీ బాబూ, బరువుగున్నాది," పైడమ్మ నన్ను మోచేత్తో పొడుస్తుంది. తర్వాతి చరణం నాదట.

నోరు తెరుస్తాను. నాలుక ఉండాల్సిన చోట పసుపు రాసిన పాదం ఒకటి తగులుతుంది. అది నా పళ్లను గడపలా దాటి, మెల్లగా బయట అడుగు పెడుతుంది. కుడికాలే.