నూరేళ్ళ తర్వాతి రెంటచింతల

ఆ గోడ వైపు చూస్తేనే యల్లమందకు ఒళ్ళు మండిపోతోంది. ఎండకు కాదు, రెంటచింతలలో పుట్టినవాడికి ఎండ ఓ లెక్కా! కుళ్ళు, అచ్చమైన కుళ్ళు.

హైస్కూలు ప్రహరీకి బొమ్మలు వేయించాలని హెడ్మాస్టరు రాఘవయ్య ఇద్దరికి చెరో పది అడుగులు ఇచ్చాడు. ఎవరి బొమ్మ దగ్గర జనం ఆగితే మిగతా గోడంతా వాళ్ళదే. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో కొట్ల బోర్డులన్నీ రాసిన యల్లమంద ఓ జలపాతం, రెండు నెమళ్ళు వేశాడు. అతని దగ్గరే కుంచె పట్టడం నేర్చిన చందన నూరేళ్ళ తర్వాతి రెంటచింతల వేసింది. నెర్రెలు విచ్చిన వీధులు, ఇసుకలో సగం కూరుకుపోయిన బస్సు. మనిషన్నవాడు లేడు.

జనమంతా అక్కడే. మిట్టమధ్యాహ్నం నెత్తిన తువ్వాళ్ళు కప్పుకుని, ఎండలో నిలబడి మరీ ఎండ బొమ్మ చూస్తున్నారు. నెమళ్ళ దగ్గర ఒక మేక ఉంది.

"ఉన్న ఎండ చాలలేదా నీకు?" అని టీకొట్టు హలీమాను నిలదీశాడు యల్లమంద.

"ఏందో అన్నా, చానా భయమేసిద్ది, మళ్ళా చూడబుద్ధయిద్ది. మా కొట్టు యాడుందా అని ఎతికా. దొరికింది, రేకులెగిరిపోయినయ్!" అని మురిసిపోయింది హలీమా.

కడుపుమంట ఆపుకోలేక యల్లమంద ఓ పుకారు పుట్టించాడు, పొద్దున్నే ఆ బొమ్మ చూస్తే కీడని. మర్నాడు గురజాల నుంచి కూడా ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. రాఘవయ్య గోడంతా చందనకే ఇచ్చేశాడు.

తప్పులైనా పడదామని అప్పుడు మొదటిసారి దగ్గరకు వెళ్ళాడు యల్లమంద. ఒక్కటీ దొరకలేదు. ఆ పాడుపడ్డ ఊళ్ళో ఒకే ఒక్క గోడ నిలబడి ఉంది. దాని మీద రంగు వెలవని బోర్డు, బసవమ్మ కిరాణా. కింద మూలన చిన్నగా, యల్లమంద ఆర్ట్స్.

"ఇదెందుకు పెట్టావే?" అని పక్కనే రంగు కలుపుకుంటున్న చందనను అడిగాడు.

"మూడు కోటింగులెయ్యందే అక్షరం వదిలిపెట్టవుగా బాబాయ్. ఊరు పోయినా నీ రంగు పోదు."

ముప్పై ఏళ్ళలో యల్లమందతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. మెచ్చుకుందామని నోరు తెరిచి, మళ్ళీ ఆ అక్షరాలు చూశాడు. ఆ వంపులు తన చేతికి ఏనాడూ అంత నున్నగా రాలేదు. తన పేరు తనకంటే ఆ పిల్లే బాగా రాసింది. చల్లారబోయిన మంట మళ్ళీ భగ్గుమంది.

"ఏ కుంచెతో రాశావే?"

"నీదే బాబాయ్. అరిగిపోయిందని మొన్న పారేశావు చూడూ, అది."