ఐదో మెట్టు మీద పెన్సిల్ గీత

దుమ్ము దులుపుదామని బీరువా మీంచి నా గిటార్ దించాను. లేతరంగు మెడ మీద వరసగా ఉండే సన్నటి లోహపు మెట్లలో, ఐదో మెట్టు దగ్గర, అడ్డంగా పెన్సిల్ గీత. అదెవరి పనో అడగక్కర్లేదు. మా ఆయనది ఫర్నిచర్ పని. చెవి వెనక పెన్సిల్ లేకుండా అన్నానికి కూడా కూర్చోడు.

"పాపకి నేర్పమంటే చెయ్యి అందదన్నావుగా. ఆ గీత దాకా కోసేసి, తల మళ్లీ అతికిస్తా. ఆదివారం అరగంట పని," అన్నాడు, ఉపకారం చేస్తున్నట్టు.

పెళ్లికి ముందు రెండేళ్లు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న ఎలక్ట్రిక్ గిటార్ అది.

"అది కుర్చీ కాలు కాదండీ! మెట్లన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. కోస్తే ఒక్క స్వరమూ సరిగ్గా పలకదు."

"తొమ్మిదేళ్లుగా బీరువా మీద బాగానే పలుకుతోందిగా," అంది అత్తయ్య లోపల్నుంచి.

ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లు అదెందుకు పైనుందో ఎవరైనా అడిగారా? వంటయ్యాక, ఆరేళ్ల పిల్లను బడిలో దింపాక, షెడ్డులో ఆయన చేసిన ప్రతి బల్లనీ ఉప్పు కాగితంతో రుద్ది పాలిష్ కొట్టేది నేను. వచ్చినవాళ్లు నిమిరి "ఎంత నునుపండీ!" అంటే మీసం మెలేసేది ఆయన. వంటగట్టు నాకు ఎత్తుగా ఉందని కొత్తల్లో చెబితే "అలవాటవుతుందిలే" అన్న మనిషి, ఇప్పుడు నా గిటార్‌కి రంపం పట్టుకొస్తానంటున్నాడు.

"శనివారం సాయంత్రానికి పాప వాయిస్తుంది. వాయించకపోతే మీ ఇష్టం," అన్నాను.

తుప్పుపట్టిన తీగలు పీకేసి, దొరికినవాటిలో సన్ననివి ఎక్కించాను. కింద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరి మరలు తిప్పి తీగల్ని మెడకు దగ్గరగా దించాను. మరీ దించితే బర్రుమన్నాయి, అర చుట్టు వెనక్కి తిప్పాను. సరిగ్గా ఆ పెన్సిల్ గీత మీదే, తీగలన్నిటినీ మెడకు నొక్కిపట్టే స్ప్రింగు క్లిప్పు బిగించాను. అక్కణ్ణుంచి మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, పాప వేళ్లకు అందేంత. షెడ్డులోని తుక్కు చెక్కలతో పాప పాదం కింద పీట నేనే కొట్టాను. మేకులు వంకరపోయాయి గానీ, పీట ఊగలేదు. రోజూ బడి నుంచి రాగానే పాపని కూర్చోబెట్టి నేర్పాను.

శనివారం గిటార్‌ని దాని పాత స్పీకరు పెట్టెకి కలిపాను. అందరూ ముందుగదిలో కూర్చున్నారు. పాప పెదవి కొరుక్కుంటూ తీగ మీటింది. తప్పింది. మళ్లీ మీటితే బర్రుమంది. మా ఆయన చెవి వెనక నుంచి పెన్సిల్ తీశాడు.

"వేలు మెట్టుకి ఇంకాస్త దగ్గరగా పెట్టు తల్లీ," అన్నాను.

మూడోసారి పలికింది. గిన్నెలు తోముతూ నేను తీసే కూనిరాగం, ఒక్కో స్వరం తడుముకుంటూ, షోకేసు అద్దాలు అదిరేలా పలికింది.

"అమ్మా! వచ్చేసింది!"

"అంతా నా పోలికే," అంది అత్తయ్య చప్పట్లు కొడుతూ.

"గీత నేను పెట్టిన చోటేగా క్లిప్పు పెట్టావు. కొలత నాదే," అన్నాడు మా ఆయన. ఒప్పుకోడు కదా!

"మీదేనండీ. కోయకుండా వాడుకున్నా, అంతే."

పాప ఒళ్లోంచి గిటార్ తీసుకున్నాను. క్లిప్పు నొక్కి తీసేసి, పాప బడిసంచిలోని రబ్బరుతో గీత చెరిపాను. ఎడంచెయ్యి మెడ పొడుగునా జారింది, చివరిదాకా. ఎంత హాయిగా ఉందో!

"ఇప్పుడు నా వంతు," అన్నాను. "సోమవారం నుంచి మీ బల్లలు మీరే రుద్దుకోండి. నా వేళ్లు నాక్కావాలి."