సముద్రం చూడని పిల్లలు

ఆమని దోసె తిరగేస్తుంటే భర్త హరిచరణ్ పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వు స్నానంలో ఉండగా మీ విశాఖ మేడం ఫోన్ చేసింది. పీహెచ్‌డీ సీటు వచ్చిందంట. కుదరదని చెప్పా."

పెనం మీద దోసె మాడింది.

"అట్లా చూస్తావేంటి? అమ్మ మోకాళ్లతో లేవలేకపోతోంది. ఇల్లెవరు చూస్తారు?"

ఆ సీటు కోసం ఆమె మూడుసార్లు పరీక్ష రాసిన సంగతి అతనికి తెలుసు. అత్తగారు భారతీదేవి లోపల్నుంచే, "ఇంకా ఎన్ని చదువులమ్మా?" అని, ఇంకో దోసె అడిగింది. ఆమని వేసిచ్చింది.

జగ్గయ్యపేటలో బస్సెక్కాక, ఆమె పాఠాలు చెప్పే నందిగామ కాలేజీ దాకా పొద్దు ఎదురుగానే ఉంది. కళ్లు మూసుకుంటే భీమిలి ఒడ్డు. నాచు ఎత్తితే తడి ఇసుకలోంచి చిటపటమని పాదాల మీదికి గెంతే చిన్న ప్రాణులు. విశాఖలో చదువుకుంటూ వాటిని సీసాల్లోకి ఏరుకున్న ఆ రోజుల్లో, ఆమె పేరు పిలిస్తే ఆమే పలికేది. ఇప్పుడు ఇంట్లో ఆమె బదులు వేరేవాళ్లు పలుకుతున్నారు. కాలేజీలో కూడా అంతే. ఏ ఫంక్షనైనా ప్రిన్సిపాల్‌గారు ఆమెనడక్కుండానే, "ముగ్గులూ బొకేలూ ఆమని మేడం చూసుకుంటారు" అనేస్తారు.

ఆరోజు పాఠం జంతువుల ప్రవర్తన. పుస్తకం మూసేసి ఆ ప్రాణుల గురించి చెప్పింది.

"కందిగింజంత ఉంటాయి, రొయ్యలకి చుట్టాలు. పొడి ఇసుకలో వదిలితే సూర్యుణ్ణి చూసుకుని నీళ్లవైపు గెంతుతాయి. పొద్దు జరిగినా దిక్కు తప్పవు, లోపల గడియారం ఉంటుంది. చిత్రమేంటంటే, ల్యాబులో పుట్టి సముద్రం మొహం చూడని పిల్లలు కూడా, తల్లి బతికిన ఒడ్డున నీళ్లు ఏ దిక్కునుంటే ఆ దిక్కుకే పోతాయి."

ముందు బెంచీలో అక్షయ లేచింది. "వాటికెవరు చెప్పారు మేడం?"

"ఎవరూ చెప్పక్కర్లేదమ్మా, పుట్టుకతో వస్తుంది. ఏ జన్యువుల్లో దాగుందో ఇంకా పూర్తిగా తేలలేదు. అది వెతకాలనే..."

"మీరు వెతుకుతున్నారా మేడం?"

లేదు అనడం తేలికే. ఆ మాట నోటిదాకా వచ్చి నిలిచిపోయింది. గదంతా తడి ఇసుక వాసన కమ్మినట్టయింది.

"వెతుకుతా," అంది.

గంట కొట్టాక వరండాలో నిలబడి విశాఖలో ఫక్రున్నీసా మేడంకి ఫోన్ చేసింది.

"పొద్దున మీ ఆయన కుదరదన్నారే ఆమనీ? ఇంట్లో ఒప్పుకున్నారా?"

"ఇంట్లో ఇంకా చెప్పలేదండి. ముందు మీకే చెప్తున్నా. సోమవారం చేరడానికి వస్తున్నా."