వంటింట్లో మనిషి

తడ దగ్గర కంపెనీలో పనికి చేరి రూఫస్‌కు ఏడాది దాటింది. ఈ ఏడాదిలో అతని అద్దె ఇంట్లోకి ఇంటి ఓనరు తప్ప ఎవరూ అడుగుపెట్టలేదు. నలభై దాటిన మనిషి, పెళ్లి కాలేదు. తనతో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే పెంచల్‌నీ, అతని భార్య వనజాక్షినీ, సూపర్‌వైజరు ఆనందబాబునీ ఆదివారం రాత్రి భోజనానికి పిలిచాడు. వాళ్లు తిని వెళ్లిపోవడం కాదు అతనికి కావలసింది. చేతులు కడుక్కుని మళ్లీ వచ్చి కూర్చోవాలి. పొద్దుపోయిందని ఎవరూ గుర్తుచేయకుండా పనికిరాని కబుర్లు సాగాలి. అంతే.

నెలాఖరు కావడంతో మటన్ మాట తలవలేదు. మార్కెట్లో చిన్న కానాగంత చేపలు చవగ్గా దొరికాయి. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్న విద్యంతా వాటిమీదే పెట్టాడు. వేయించిన చేపల్ని పళ్లెంలో అరిటాకు మీద తోకలన్నీ మధ్యకు చేర్చి చక్రంలా పేరిస్తే, ఉన్న కాసినీ పళ్లెం నిండినట్టు కనిపించాయి. బీట్‌రూట్ రసంతో సగం అన్నానికి రంగు తెచ్చి, తెల్లదీ ఎర్రదీ వరసలుగా గిన్నెలో అదిమి బోర్లించాడు. ఉడికిన గుడ్లను రంపపు పళ్లలా కోశాడు. టమాటా తొక్కను తెగకుండా ఒలిచి గులాబీలా చుట్టాడు. ఎన్నో పాడయ్యాక ఒకటి కుదిరింది. వంటింట్లో మాత్రం తొక్కలు, మాడిన మూకుడు, నేలంతా నూనె. తలుపు మూసేశాడు.

వచ్చినవాళ్లు బల్ల చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. రూఫస్ క్లుప్తంగా ప్రార్థన చేశాడు. ఆ చక్రాన్ని చెదరగొట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వనజాక్షి పుట్టిల్లు పులికాట్ ఒడ్డున. చేపల మధ్యే పెరిగినా ఇట్లా పేర్చింది ఎక్కడా చూడలేదని చెప్పింది. రూఫస్ గుండెలో ఏదో మెత్తబడింది. నేనే చేసినానమ్మా అనబోయి, పొగడ్త అడుక్కున్నట్టుంటుందని ఊరుకున్నాడు.

మంచినీళ్ల కోసం ఆమె వంటింటి వైపు లేచింది. రూఫస్ గబుక్కున వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

"లోపలికి వద్దమ్మా. నేను తెస్తా."

ఆమె మూసిన తలుపును చూసింది. అతని ముఖం చూసింది. నవ్వాపుకుంటూ వచ్చి కూర్చుంది.

పెంచల్‌కు అంత ఓపిక లేదు. "ఏందన్నా, మాకు చెప్పాపెట్టకుండా ఇంటికి మనిషిని తెచ్చుకున్నావా? ఇది మగోడి చెయ్యి కాదులే."

"ఈయన కడిగిన టీ గ్లాసులో సగం సబ్బే ఉంటాది" అన్నాడు ఆనందబాబు.

రూఫస్ కాదనడానికి నోరు తెరిచాడు. ముగ్గురి కళ్లూ అతని మీదే ఉన్నాయి. ఈ ఏడాదిలో ఎవరూ అతన్ని అట్లా చూడలేదు. తనకొక రహస్యం ఉందనుకుంటున్నారు. రహస్యం ఉన్న మనిషికి ఒక బతుకు కూడా ఉన్నట్టే కదా. గాజులు చప్పుడు కాకుండా పట్టుకుని తలుపు వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు ఒక్క క్షణం అతనికే అనిపించింది. తల వంచుకుని నవ్వాడు.

అక్కడినుంచి భోజనం తీరు మారిపోయింది. గొంతులు తగ్గాయి. ఇంకో చేప కోసం పెంచల్ చాచిన చేతిని వనజాక్షి మోచేత్తో ఆపింది. ఆనందబాబు అన్నం చాలన్నాడు. చక్రంలో ఒక పక్క ముట్టకుండా వదిలేశారు. చేతులు కడుక్కున్నాక ఎవరూ మళ్లీ కూర్చోలేదు.

"అప్పుడేనా? ఇంకా పొద్దు పోలేదు, కూర్చోండి" అన్నాడు రూఫస్.

వనజాక్షి గొంతు తగ్గించింది. "మేం కూర్చుంటే ఆమె ఎప్పుడు తింటాది అన్నా? పాపం, ఎంతసేపని ఆకలితో నిలబడి ఉంటాది."

ఎవరూ లేరని చెప్పడానికి ఇదే సమయం. కానీ అప్పుడు, ఇందాకటి నవ్వుకు ఏం చెప్పాలి? లేని మనిషి ఉందని వాళ్లనుకుంటే మురిసిపోయినవాడిగా రేపటినుంచి వాళ్ల మధ్య తిరగాలి. ఒట్టి ఒంటరివాడు అనిపించుకున్నా అంతకంటే నయంగా ఉండేది.

"సరేలేమ్మా" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆమె మూసిన తలుపు వైపు తిరిగింది. "పోయొస్తామక్కా. వంట శానా బాగుంది."

జవాబు రాకపోతే సిగ్గనుకుని నవ్వుకుంది.

బైకుల చప్పుడు హైవే వైపు వెళ్లిపోయింది. రూఫస్ బల్ల దగ్గర కూర్చున్నాడు. వడ్డించే హడావిడిలో సరిగా తినలేదు, ఆకలిగానే ఉంది. మిగిల్చిన చేపల్లో ఒకదాన్ని తుంచబోయి, ఇంకొకరి కంచంలో చెయ్యి పెడుతున్నట్టనిపించి వెనక్కి తీసుకున్నాడు.