నేను పెట్టిన నలభై నిమిషాలు

మా బావ జైలుకెళ్ళింది అక్క దవడ విరగ్గొట్టినందుకు. ఆ జైల్లోంచి ఎవరు విడుదలైనా, వాళ్ళ చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్ళకి ఫోన్లో మెసేజ్ వెళ్తుంది. జైలు కంప్యూటర్ నుంచి ఆ మెసేజ్‌ని ఫోన్ల దాకా చేర్చే పని మా ఆఫీసుది. ఆ ఏర్పాటంతా చూసుకునేది నేనే.

అందులో ఒక తలనొప్పి ఉండేది. జైలు గుమస్తాకి తొందరెక్కువ. 'విడుదల' అని నొక్కేసి, కాగితాలు సరిపోలేదని పావుగంటకి 'రద్దు' నొక్కేవాడు. ఈలోగా మెసేజ్ అందినవాళ్ళ గుండెలు జారిపోయేవి. ఒక పెద్దావిడ ఆరు గంటలు బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చుంది. గుమస్తాని మార్చడం బ్రహ్మతరం కూడా కాదు. అందుకని ప్రతి విడుదల మెసేజ్‌నీ నలభై నిమిషాలు వరుసలో ఆపి ఉంచేట్టు చేశాను. ఆలోపు రద్దు వస్తే రెండూ మాయం. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. నేనూ ఉబ్బి తబ్బిబ్బయ్యాను, దాచుకోవడమెందుకు?

అక్క మాత్రం మూతి విరిచింది. "ఆలస్యం అమృతం విషం అంటారే."

"నీకేం తెలుసక్కా? ఊరికే హడలి చచ్చేవాళ్ళకి ఇదెంత మేలో!"

"హడలి చావడం వేరు, చావడం వేరు."

నేను నవ్వేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ మంగళవారం పదకొండింటికి నేను అక్క వంటింట్లో బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటున్నాను. వరుసలో ఒక మెసేజ్ ఆగి ఉంది, ఇంకా తొమ్మిది నిమిషాలు. పేరు కనపడదు, కేసు నంబరు కూడా చుక్కలే. ఎవరి గుట్టు వాళ్ళదని అలా పెట్టిందీ నేనే. బావ రావడానికి ఇంకా రెండు నెలలుందని ధీమాగా, అక్క నా వెనక గిన్నెలు తోముతోంది.

తలుపు రెండు దెబ్బలకి ఊడిపడింది. బావ. చేతిలో ధర చీటీ కూడా తియ్యని కొత్త సుత్తి. మంచి నడవడికని ముందే వదిలారట! ఇక్కణ్ణుంచి వాణ్ణి బావ అనను.

వాడు వస్తూనే అక్క మొహం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అడ్డం వెళితే నా ఎడమ చెయ్యి బల్లకేసి అదిమి కొట్టాడు. రెండు వేళ్ళు చితికిపోయాయి. తర్వాతి దెబ్బ లాప్‌టాప్‌కి తగిలింది.

"నువ్వే కదే సాక్ష్యం చెప్పింది!" అని నా తల మీదికి సుత్తి ఎత్తాడు.

అక్క నేల మీంచే పాకి వాడి పిక్క కరిచింది. వాడు తూలాడు. నేను ఇనప పెనం అందుకుని వాడి చెవి మీద కొట్టాను. పడలేదు. మళ్ళీ కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. అప్పుడు నాకు హాయిగానే ఉంది, సిగ్గేమీ లేదు.

పక్కింటి డ్రైవరు పరిగెత్తుకొచ్చి నా చేతిలోంచి పెనం లాక్కున్నాడు. మూలుగుతున్నవాడి చేతులు తాడుతో కట్టేసి, అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

అప్పుడు మోగింది అక్క ఫోన్. అద్దం మీద రక్తం తుడిచి, చదివి, నాకు చూపించింది. 'అతను విడుదలయ్యాడు. వెంటనే సురక్షితమైన చోటికి వెళ్ళండి.'

"నేనే ఆపానక్కా," అన్నాను. "అది నీదే."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ దవడతో ఏం తిడుతుంది? లాప్‌టాప్ వైపు వేలు చూపించింది. సగం తెర నల్లబడింది. మిగతా సగంలో మరో రెండు మెసేజ్‌లు ఆగి ఉన్నాయి. ఒకదానికి ముప్పై ఒక్క నిమిషాలు, ఇంకోదానికి ముప్పై ఎనిమిది.

"కదలకండమ్మా, వచ్చేస్తున్నారు," అన్నాడు డ్రైవరు.

అక్క నా భుజం మీద ఒక్కటిచ్చి మళ్ళీ అటే చూపించింది.

కుడిచేత్తో నలభై చెరిపి సున్నా పెట్టాను. అప్పటికే ఆగి ఉన్నవాటికి అది పనిచెయ్యదు, ఒక్కొక్కటీ చేత్తో బయటికి తొయ్యాలి. మొదటిది తోశాను. రెండోదీ తోశాను. అది వెళ్ళిన రెండు నిమిషాలకి దానికి 'రద్దు' వచ్చింది. గుమస్తా గారి తొందర.

అంటే ఎవరో ఒకావిడ ఇప్పుడు ఊరికే బాత్రూంలో గడియ పెట్టుకుని వణికిపోతూ ఉంటుంది.

వణకనీ.