జారుడు గొట్టం

కుట్టుమిషను ఆవిడ ఎదురింటామెతో అన్నదట. ఎదురింటామె దాన్ని కుళాయి దగ్గర పదిమంది చెవిన వేసింది. జీతమిచ్చి పనిలో పెట్టుకుంటే పిట్ట అని పిలిచే ఆ కోడలు పసిపిల్లలా జారుడుబల్ల ఆడుతూ ప్రాణం పోగొట్టుకుందట. ఒక బిడ్డ తల్లికి ఆ కోతి చేష్టలేమిటో, అదే చోట పనిచేసే అత్తకైనా బుద్ధి చెప్పాలని తోచలేదేమోనట. నీళ్లకైతే వంతులుంటాయి గానీ మాటకు వంతేమిటి? బిందె నిండేలోపు వీధి చివరికి పోయింది.

అత్త బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. లోకం నోటికి మూకుడు మూయలేమని ఆమెకు తెలియనిది కాదు. కానీ ఆ మాట గుమ్మంలో కూర్చున్న మనవరాలు కూడా విన్నది.

"నన్నూ తీసుకెళ్తానన్నది. అమ్మ ఒక్కతే ఆడుకోడానికి పోయింది," అన్నది ఆ పిల్ల మూతి ముడుచుకుని.

చచ్చిపోయిన తల్లి మీద అలిగింది. కొడుకు లోపల గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఈ అలక తీర్చవలసింది ఇక తనేనని అత్తకు అర్థమైంది.

పెద్ద దుకాణాల భవనంలో పై అంతస్తున ఉంది ఆ ఆటల హాలు. మెత్తటి మెట్లు, మెత్తటి గోడలు, పడినా దెబ్బ తగలని నేల. రంగురంగుల ప్లాస్టిక్ బంతులతో నిండిన గుంట. పైనుంచి వంకర్లు తిరుగుతూ ఆ గుంటలోకి దిగే గొట్టం. పిల్లలు బంతులు నోట్లో పెట్టుకుంటారు, మెట్ల మీద కక్కుకుంటారు, గుంటలో ఉచ్చ పోస్తారు. పిల్లలన్నాక పోస్తారు. పొద్దున తలుపులు తెరిచేలోపు అదంతా కడిగి, క్రిములు చచ్చే మందు కొట్టి, తుడిచి, వచ్చేవాళ్ల కంట పడకుండా వెనక మెట్ల మీదుగా పోవాలి ఈ ఆడవాళ్లు. బంతుల్ని వల సంచుల్లో పోసి తొట్టిలో ముంచి తీసేది అత్త. పైన వలలు తుడిచేది నిచ్చెన. మనిషి పొడుగని ఆ పేరు. గొట్టంలో మాత్రం అందరూ పట్టరు. అందుకే గుప్పెడంత మనిషని అత్త కోడలు పిట్టను పెట్టుకున్నారు.

గొట్టం ఎలా తుడవాలో నేర్పింది కాంట్రాక్టరు. ఒంటి మీద ముడతపడ్డ చొక్కా ఎవరూ చూడలేదు గనక చాటున అతను ఇస్త్రీ బాబు. వీపుకూ నడుముకూ తడిగుడ్డ కట్టుకుని పైనుంచి జారితే ఒక్క ఊపులో అంతా తుడుచుకుపోతుందని కనిపెట్టాడు. కనిపెట్టాడే గానీ ఏనాడూ జారింది లేదు. పిట్ట మందు చల్లుకుంటూ పైకి పాకేది. గుడ్డ కట్టుకుని జారి, బంతుల్లో దభీమని పడి, కిలకిలా నవ్వేది. ఆ నవ్వు కోసం అందరూ చేతిలో పని ఒక్క క్షణం ఆపేవాళ్లు.

ఎవరి పిల్లాడికో జ్వరమొచ్చింది, ఇక్కడే అంటుకుందని పెద్దవాళ్లు గొడవ చేశారు. మర్నాడు మందులో చుక్క నీళ్లు కలపొద్దన్నాడు ఇస్త్రీ బాబు. ఫ్యాన్లు ఆపించాడు, కిటికీలు మూయించాడు. వాసన ముక్కుకు కొడితేనే జనం శుభ్రమని నమ్ముతారన్నాడు. గొంతు మండిపోతోందని పిట్ట బయటికొచ్చినప్పుడల్లా మళ్లీ లోపలికి తోలాడు.

చివరికి గొట్టంలోంచి జారి వచ్చింది. బంతుల్లో పడింది. నవ్వలేదు.

వీళ్లు నవ్వారు. నాటకమాడుతోందనుకున్నారు. లేవవే మహారాణీ అని అత్త ఒక ఎర్ర బంతి విసిరింది. అది పిట్ట నుదుటికి తగిలి పక్కకు దొర్లింది. పిట్ట రెప్ప వెయ్యలేదు.

ఇప్పుడు విచారణకు ఆఫీసరు వస్తాడట. పనైపోయాక ఆడుకుంటూ పడిపోయిందని చెప్పాలనీ, అలా చెప్పినవాళ్లకే రేపటి నుంచి పని ఉంటుందనీ ఇస్త్రీ బాబు కబురు పెట్టాడు. అందరూ నిచ్చెన గదిలో చేరారు. కాళ్లు చాపుకునే చోటు లేదు. ముందు మాట్లాడింది బంతులు ఆరబోసే ఆమె. ఇంట్లో మంచాన పడ్డ మొగుడున్నాడు ఆమెకు.

"పోయింది ఎలాగూ తిరిగి రాదు," అన్నది తలెత్తకుండా. "అయినా మనమే ఆటనుకున్నాం. మనమే నవ్వాం. ఇప్పుడు పని అంటే నమ్మేదెవరు?"

ఆమెను ఎవరూ తిట్టలేదు. ఆ భయం అందరికీ ఉన్నదే. కొందరు పొయ్యిలో పిల్లి లేవదన్నారు. కొందరు ఈ రోజు పిట్ట, రేపు ఎవరని అడిగారు. మాటా మాటా పెరిగింది. మూల కూర్చున్న అత్త గొంతు పెంచకుండానే అన్నది:

"నవ్వాం. నేనైతే బంతి కూడా విసిరాను. అది నాతోనే కాటికొస్తుంది. కానీ, గుడ్డ కట్టుకుని ఎవరైనా ఆడుకుంటారా? దానికి చివరి స్నానం చేయించేటప్పుడు ఆ గుడ్డ నేనే విప్పాను. తడికి ముడి బిగుసుకుపోయింది. వేళ్లకు రాలేదు. పళ్లతో విప్పాను. ఆ మందు చేదు ఇంకా నా నాలుక మీదే ఉంది."

నిచ్చెన లేచి ట్రంకుపెట్టె తెరిచి, పాత చీర తీసి నిలువునా చింపడం మొదలుపెట్టింది. నడుముకు కట్టుకోవడానికి మనిషికొక గుడ్డ. అడిగేవి ఎక్కువేం కాదు: ఫ్యాన్లు తిరగాలి, కిటికీలు తెరవాలి, మందు ఆరేదాకా మనిషి గొట్టంలో దిగకూడదు. పిట్ట పని చేస్తూనే పోయిందని పదిమందిలో ఒప్పుకోవాలి.

"ఆ ముక్క నాకేం చాలుతుందే," అన్నది బంతులు ఆరబోసే ఆమె చెయ్యి చాపి. "నా నడుముకైతే దుప్పటే చింపాలి."

పిట్ట పోయాక వాళ్లు నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే ఏడ్చారు.

మర్నాడు పొద్దున కిటికీలన్నీ తెరిచారు. మందు డబ్బా ముట్టుకోలేదు. సబ్బునీళ్లతో ప్రతి బంతీ కడిగి, మంచినీళ్లలో జాడించి, ఆరబోసి, గుంట నింపారు. తలుపులు తెరిచే వేళకు వెనక మెట్లు దిగలేదు. నడుముకు తడిగుడ్డలు బిగించుకుని వరసగా బంతుల్లో కూర్చున్నారు. అత్త ఒళ్లో మనవరాలు.

అద్దాల తలుపు అవతల పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు గుమిగూడారు. ఇన్నాళ్లూ తమ పిల్లల ఉచ్చ కడిగిన మనుషుల్ని వాళ్లు చూడటం ఇదే మొదలు. ఈ గుడ్డ ఎందుకో, ఇది కట్టుకున్న మనిషి ఏమైందో నిచ్చెన వాళ్లకు గొంతెత్తి చెప్పింది. ఒక తల్లి బిడ్డను చంకలోంచి దించి, తిరిగి ఎత్తుకున్నది. ఎవరూ వెళ్లిపోలేదు.

మనవరాలు నానమ్మ నడుము చుట్టూ ఉన్న గుడ్డను వేలితో తడిమి చూసింది.

"అమ్మ దీంతో తుడిచేదా?"

"తుడిచేదమ్మా."

"ఆడుకోలేదా?"

"లేదు తల్లీ."

పిల్ల నానమ్మ రొమ్ములో మొహం దాచుకుంది.

ఇస్త్రీ బాబు ఇద్దరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. మెత్తటి నేల మీద బూట్లు కూడదని రాసుంది. పోలీసులు బూట్లు విప్పాలో వద్దో తేల్చుకోలేక అంచునే నిలబడ్డారు. అతను మాత్రం గుంట దాకా వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుని, ముడతలు పడి ఉంది.

"పని మానేసి ఏంటీ ఆటలు? లేవండి ముందు."

అత్త మనవరాలిని ఒళ్లో సర్దుకున్నది. తల ఎత్తి చూసింది.

"మా కోడలు ఆడుకుంటూ చచ్చిందని నువ్వేగా అన్నావు బాబూ. మేమూ అట్లాగే ఆడుకోడానికి వచ్చాం. పో, మందు తెచ్చి కొట్టు."